ముప్పై నాలుగు లీటర్ల వేడినీళ్ళు

ముప్పై మూడేళ్ళు డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. శక్తి నశించదు, రూపం మారుతుంది అన్న మాట నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు రాసుంటానో లెక్కలేదు. పోయిన నవంబరులో, అనంతగిరి ఘాట్ రోడ్డు మీద, ఆ రూపం మారడం ఎలా ఉంటుందో ముక్కుతో వాసన చూసి తెలుసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకంటే ముందు మా ఆవిడ చూసింది.

"ఏదో కాలుతోందండీ" అంది.

"ఎవరో ఆకులు తగలబెడుతున్నారు" అన్నాను.

కాలుతున్నది మా బండి బ్రేకులు. కాల్చింది నేను. ఎందుకు కాల్చానో చెప్పాలంటే కొండ దిగడం దగ్గర మొదలుపెడితే చాలదు. కొండెక్కిన రోజు నుంచీ రావాలి.

మా కోడలి పుట్టిల్లు అరకులోయ. వియ్యంకుడిగారి ఉద్యోగం అక్కడే. ఆగస్టులో మాకు మనవరాలు పుట్టింది. పురిటికి విశాఖలో ఆసుపత్రికి తెచ్చి, తర్వాత తల్లినీ పిల్లనీ కొండమీదికి తీసుకెళ్ళారు. బారసాలనాడు పిల్లను చూసిందే చూడడం. మూడో నెల వచ్చాక, "పిల్ల నవ్వుతోంది మామయ్యగారూ, రండి" అని కోడలు ఫోన్ చేసింది. కొత్తవలస వెళ్ళి రైలెక్కుదాం, ఆ సొరంగాలన్నీ చూస్తూ హాయిగా పోదాం అంది మా ఆవిడ. నేను వినలేదు. వియ్యంకుడు అరవై దాటినా ఆ ఘాట్‌లో కారు తోలుకుంటూ విశాఖ వచ్చి పోతూ ఉంటాడు. అరవై ఏడేళ్ళ నేను రైలు దిగి సంచితో నిలబడితే ఏం బాగుంటుంది? ఇది మొదటి తెలివితక్కువ.

రెండోది సంచిలో ఉంది. పిల్లకు త్వరగా మాటలు రావాలని ఒక వసకొమ్ము, అది అరగదీసి నాకించడానికి ఒక తేనె సీసా. గిరిజన సహకార సంస్థ వారి అసలు సిసలు తేనె. కొండల్లోంచి దిగివచ్చిన తేనెను విజయనగరంలో కొని, మళ్ళీ ఆ కొండలకే మోసుకెళ్ళాను. దారిలో మా ఆవిడ ఆ మాట అననే అంది. "తెలిసిన షాపు" అన్నాను.

శుక్రవారం సాయంత్రానికి చేరాం. పిల్లను ఒళ్ళో పెట్టారు. నా మీసం చూసి పెదవి విరిచింది. వియ్యంకుడు ఎత్తుకోగానే బోసినోరంతా తెరిచి నవ్వింది. "బావగారూ, కొత్త కదా, రేపటికి అలవాటైపోతారు" అన్నాడాయన మర్యాదగా. ఆ వయసు పిల్లలకు నలుపూ తెలుపూ కలిసే అంచులంటే ఇష్టమనీ, ఆయన బట్టతలకూ నుదుటికీ మధ్య మిగిలిన ఆ నాలుగు వెంట్రుకల గీతే దాన్ని నవ్విస్తోందనీ నాకు తెలుసు. తెలిసినా కష్టంగానే ఉంది. కాసేపటికి నా ఒళ్ళో ఉండగా కూడా నవ్వింది. "చూశావా, గుర్తుపట్టింది" అన్నాను. మా ఆవిడ పైకి చూపించింది. నా తల మీద ఫ్యాను తిరుగుతోంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక మీసానికి దక్కని గౌరవం శాస్త్రంతో రాబట్టుకుందామని వియ్యంకుడికి క్లాసు తీసుకున్నాను. దూరంగా ఖనిజం రైలు పోతున్న చప్పుడు వినిపిస్తే అదే పాఠం అయింది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ లైను 1960ల్లో వేశారనీ, బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకు పంపడానికనీ, లైను మొత్తమ్మీద 58 సొరంగాలనీ, దారిలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుందనీ చెప్పాను. "అంత బరువు వేసుకుని రైలు కిందికి దిగేటప్పుడు ఉత్త బ్రేకుల మీద ఆధారపడితే చక్రాలు మాడిపోతాయి బావగారూ. అందుకే ఇప్పటి కరెంటు ఇంజన్లలో మోటార్లే జనరేటర్లయి బండిని వెనక్కి లాగి పట్టుకుంటాయి. ఆ పుట్టిన కరెంటు మళ్ళీ తీగలోకే పోతుంది. దిగడంలో ఉన్న సూత్రమంతా అదే, బ్రేకును నమ్ముకోకూడదు" అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఈ మాట ఎవరూ అడగకుండా నేనే చెప్పానని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

శనివారం పొద్దున పిల్లకు లాల పోశారు. వియ్యపురాలు పీట మీద కాళ్ళు చాపుకుని, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టి, నలుగుపెట్టి, చెయ్యి అడ్డం పెట్టి చెంబుతో నీళ్ళు పోస్తుంటే చూడముచ్చటగా ఉంది. పిల్ల ఒళ్ళంతా ఎర్రగా, గుమ్మడిపండులా ఉంది. తుడిచి పడుకోబెట్టగానే నేను సానరాయి అడిగాను. వసకొమ్ము తీశాను. సీసా మూత తిప్పాను.

"మామయ్యగారూ" అంది కోడలు నెమ్మదిగా, "ఏడాది నిండేదాకా తేనె పెట్టొద్దన్నారండి డాక్టరుగారు."

"ఎందుకట?"

"తేనెలో ఒక రకం బాక్టీరియా బీజాలు ఉండొచ్చటండి. మనలాంటి పెద్దవాళ్ళకేమీ కాదట. పసిపిల్లల పేగుల్లో మాత్రం అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయట. ఆరో నెల దాకా మంచినీళ్ళు కూడా వద్దన్నారు, పాలే చాలునట."

కోడలు చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. బీజం, మొలక, విషం, కారణం, ఫలితం అన్నీ వరసగా చెప్పింది. నా శిష్యురాలై ఉంటే పది మార్కులకు పదీ వేసేవాణ్ణి. కానీ నేనప్పుడు మాస్టార్ని కాదు, మగపెళ్ళివారి తాతగారిని.

"మీ ఆయనకు పోశాం తేనె, వస. ఏమీ కాలేదు. వాడు ఇంజనీరయ్యాడు" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. "బావగారూ, కాఫీ తాగుదురు రండి" అన్నాడు వియ్యంకుడు. ఆ ఇంటి కాఫీ గింజలు ఆ చుట్టుపక్కల తోటలవి. ఆ వాసనకే సగం కోపం పోవాలి. పోకుండా నేను గట్టిగా పట్టుకున్నాను.

సోమవారం దాకా ఉంటామని వెళ్ళినవాళ్ళం. భోజనం అవగానే, "రేపు బ్యాంకులో పనుంది, బయల్దేరతాం" అన్నాను. రేపు ఆదివారమని వియ్యంకుడికీ తెలుసు, గోడ మీది క్యాలెండరుకీ తెలుసు. కోడలు కళ్ళు దించుకుంది. మా ఆవిడ కార్లో కూర్చున్నాక, "అలిగినవాళ్ళు గుత్తొంకాయ రెండుసార్లు వేయించుకోరండీ" అంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

అరకు నుంచి వస్తుంటే నవంబరులో దారికి రెండు పక్కలా వలిసె పూలు. చేలకు చేలే పసుపు కుమ్మరించినట్టు ఉంటాయి. ఒకచోట పిల్లలు పూల మధ్య నిలబెట్టి ఫొటోలు తీయిస్తున్నారు, మనిషికింతని తీసుకుని. "ఒక్క ఫొటో" అంది మా ఆవిడ. "ఎండ పోతుంది" అన్నాను. సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటలు. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని పైదాకా పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు, కొమ్మలంతా ఎర్రగా పండిన గుత్తులు. అద్దం దించనివ్వలేదు. గాలికొండ దగ్గర జనం బండ్లాపుకుని లోయను చూస్తున్నారు. అక్కడా ఆపలేదు. అలిగినవాడు ప్రకృతిని చూసి ఆనందిస్తే అలకకు విలువేముంది?

అక్కడి నుంచి రోడ్డు దిగడం మొదలవుతుంది. నేను గేరు తీసి న్యూట్రల్‌లో పడేశాను.

ఇది నా పాత అలవాటు. స్కూటరు రోజుల్లో సింహాచలం కొండ దిగుతూ ఏకంగా ఇంజనే కట్టేసేవాణ్ణి. పెట్రోలు ఖర్చు లేకుండా కిందికి రావడంలో ఒక తరం మధ్యతరగతివాళ్ళకున్న ఆనందం ఇప్పటివాళ్ళకు అర్థం కాదు. కారు కొన్నాక ఇంజను కట్టడం మానాను, ఎందుకంటే ఇంజను ఆగితే బ్రేకుకూ స్టీరింగుకూ సాయం ఆగిపోతుందని తెలుసు. గేరు మాత్రం తీసేసేవాణ్ణి. బండి తనంతట తను జారుతుంటే, బ్రేకు మీద కాలు ఆనించి పట్టుకుంటూ, మలుపులు తిప్పుకుంటూ రావడమే. ఆ రోజు కాలు కొంచెం గట్టిగానే ఆనింది. ఎవరి మీద కోపమో కాలికేం తెలుసు?

ఆకులు తగలబెడుతున్న వాసన ఏడెనిమిది మలుపుల పాటు మా వెంటే వచ్చింది. అంత దూరం మా వెంట వచ్చే ఆకులెక్కడివని ఆలోచించాల్సింది. తర్వాత బ్రేకు మెత్తబడింది. ఎప్పుడూ సగంలో గట్టిగా తగిలే పెడలు, నానిన దూదిలా ఇంకా ఇంకా లోపలికి పోతోంది, బండి వేగం తగ్గడం లేదు. ఎదురుగా హెయిర్‌పిన్ మలుపు. ఆ మలుపులోంచి పైకి వస్తున్న జీపు, నిండా సంతకు పోయివస్తున్న జనం. కొండ మీద ఎక్కే బండికి దిగే బండి ఆగి దారివ్వాలి. ఆగడానికి నా దగ్గర ఏముంది గనక?

హ్యాండ్ బ్రేకు లాగాను. స్టీరింగు కొండ వైపుకి తిప్పాను. బండి కొంతదూరం మట్టిని రాసుకుంటూ పోయి, ముందు చక్రం వాననీటి కాలువలోకి దిగి ఆగింది. లోయ వైపు తిప్పి ఉంటే ఈ స్వగతం వేరే ఎవరో రాయాల్సి వచ్చేది, అదీ నాలుగు వాక్యాల్లో.

మా ఆవిడ చెయ్యి నా చెయ్యి మీద ఉంది. ఎప్పుడు వేసిందో తెలీదు.

జీపు ఆగింది. డ్రైవరు కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, దిగి వచ్చి ముందు మా ఇద్దరి మొహాలూ చూశాడు. తర్వాత చక్రం దగ్గర వంగి, తాకకుండా అరచెయ్యి వెనక వైపు దగ్గరగా పెట్టి చూసి, చప్పున తీసేశాడు.

"ఏ గేర్లో దిగుతన్నారండి?"

"సెకండ్ గేర్లో" అన్నాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ప్రాణం గొంతులోకొచ్చి అరనిమిషం కాలేదు. చక్రం కాలువలో ఉంది. అయినా అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. కుర్రాడు వాదించలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి, రెండు వేళ్ళతో గేరు రాడ్డును అటూ ఇటూ ఊపాడు. గుడిగంట నాలుకలా అది తేలిగ్గా ఊగింది.

"గాల్లో ఉందండి బాబూ" అన్నాడు.

"అలవాటు. ముప్పై ఏళ్ళుగా ఇలాగే దిగుతున్నాను. ఎప్పుడూ ఏమీ కాలేదు" అన్నాను.

అన్నాక ఆ మాట నా చెవికే ఎక్కడో విన్నట్టు తగిలింది. పొద్దున వియ్యాలవారి హాల్లో, తేనె సీసా మూత చేత్తో పట్టుకుని నేనే అన్న మాట. అదే రాగం, అదే ధీమా. నా మాటలో ఉన్న శాస్త్రమల్లా, ఇంతవరకూ పడనివాడు ఇకముందు కూడా పడడు అన్నంత. కుర్రాడు చాలా మామూలుగా అన్నాడు:

"అవునండి. అయ్యీ దాకా ఏటీ అవదు."

నేను నీళ్ళ సీసా తీసి చక్రం మీద పోయబోయాను. "అలగ పొయ్యకండి, డిస్కు వంకర తిరిగిపోద్ది. దాన్నలా వొగ్గీండి, అదే సల్లారద్ది" అన్నాడు. వేడెక్కిన లోహాన్ని ఒక్కసారిగా చల్లబరిస్తే ఏమవుతుందో నేను ఏటా జూలైలో చెప్పే పాఠం. జీపులోంచి ఆరుగురు దిగారు. బండిని ఎత్తి రోడ్డు మీద పెట్టారు. ఆడవాళ్ళు బుట్టలు ఒళ్ళో పెట్టుకుని మమ్మల్ని చూస్తూ వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. భాష రాకపోయినా విషయం నేనేనని తెలిసింది. వియ్యపురాలు కట్టిచ్చిన జంతికల డబ్బా మా ఆవిడ విప్పి అందరికీ పంచింది. డబ్బులివ్వబోతే కుర్రాడు తీసుకోలేదు. వెళ్తూ వెళ్తూ, "ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలండి. నాకు బండి నేర్పినాయన సెప్పింది ఈ ఒక్క ముక్కే" అన్నాడు. నేను ముందురోజు రాత్రి వియ్యంకుడికి గంటసేపు చెప్పింది కూడా ఆ ఒక్క ముక్కే. కాకపోతే నేను మోటార్లు, జనరేటర్లు కలిపి చెప్పాను.

ముప్పావుగంట పిట్టగోడ మీద కూర్చున్నాం. కింద ఎక్కడో రైలు కూత. చెట్ల సందుల్లోంచి వరసగా వ్యాగన్లు, తొందరేమీ లేకుండా, నేను చెప్పిన పద్ధతిలోనే దిగుతున్నాయి. పొగమంచు లోయ అడుగు నుంచి మెల్లగా పైకి లేస్తోంది. ఎదుటి కొండ మీద ఎండ పాకుతూ పాకుతూ శిఖరం దగ్గరికి పోయి ఆగింది. ఆ పక్క బొర్రా గుహల దగ్గర పుట్టే గోస్తనీ నది తాటిపూడి మీదుగా పోయి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొద్దుటి నుంచీ కళ్ళకు అడ్డం పెట్టుకున్నదంతా ఒకేసారి చూడాల్సి వచ్చింది.

చేతులు వణుకుతున్నాయి. వాటికి పని చెప్పాలని లెక్క వేశాను. బండీ, మేమిద్దరం, సామానూ కలిసి 1100 కిలోలు. ఘాట్ పైనుంచి శృంగవరపుకోట దాకా దిగే ఎత్తు సుమారు 1000 మీటర్లు. హెచ్చవేస్తే కోటీ ఎనిమిది లక్షల జౌళ్ళు. అంత వేడితో 34 లీటర్ల చన్నీళ్ళు కుతకుత మరుగుతాయి. గాలి, టైర్లు తినేది కొంత పోయినా, మిగిలిందంతా నేను ఆ నాలుగు చక్రాల్లోకి, అరచెయ్యంత బ్రేకు ప్యాడ్లలోకి పంపుతున్నాను. గేరులో ఉండి ఉంటే చాలా భాగం ఇంజను మింగేది. తమాషా ఏమిటంటే, ఇప్పటి ఇంజెక్షన్ బండ్లు గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తేనే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు తాగుతూ ఉంటుంది. అంటే పెట్రోలు పొదుపు చేస్తున్నాననుకుంటూ, పెట్రోలూ బ్రేకులూ రెండూ తగలేస్తూ వచ్చాను.

"ముప్పై నాలుగు లీటర్లు" అన్నాను పైకి.

"ఏమిటవి?"

"వేడినీళ్ళు."

"పిల్లకి వారం రోజుల లాల" అంది మా ఆవిడ, లోయలోకి చూస్తూ.

మిగతా ఘాట్ సెకండ్ గేర్లో దిగాం. ఇంజను గుర్రుమంటూ బండిని వెనక్కి పట్టుకుంటుంటే బ్రేకుతో పనే తక్కువ పడింది. వెనకాల ఎవరు హారన్ కొట్టినా పక్కకు తప్పుకుని దారిచ్చాను. శృంగవరపుకోటలో ఆగి టీ తాగుతున్నప్పుడు చూసుకున్నాను, భుజం మీద తెల్లటి మరక. పిల్ల కక్కిన పాలు. బయల్దేరే ముందు ముద్దుచేయడానికి ఎత్తుకున్నప్పటిది. కాలిన బ్రేకుల కంపు ఒంటినిండా ఉన్నా, అక్కడ మాత్రం పులిసిన పాల వాసన. ఆ చొక్కా రెండు రోజులు ఉతకడానికి వెయ్యలేదు. దాన్ని కూడా ఈ తెలివితక్కువల జాబితాలో రాసుకోండి, అభ్యంతరం లేదు.

సోమవారం మెకానిక్కు ప్యాడ్లు విప్పి చూపించాడు. పైపొర మాడి అద్దంలా నిగనిగలాడుతోంది. బ్రేక్ ఆయిల్ తీసి సీసాలో పోస్తే చిక్కటి డికాషన్ రంగు. "దీన్ని రెండేళ్ళకోసారి మార్చాలి మాస్టారూ, పోయినసారీ చెప్పాను" అన్నాడు. చెప్పాడు. బాగానే ఉందిగా, ఏమీ కాలేదుగా అన్నది నేను. మా బండిలో పోసే రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. గాల్లోని చెమ్మ పీల్చుకుని పాతబడితే 155 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే బుడగలు పుడతాయి. బుడగ నొక్కితే అణిగిపోతుంది. పెడలు దూదిలా లోపలికి పోయింది అందుకే.

ఆ సాయంత్రం కోడలికి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో మూడుసార్లు మనసులో అనుకుని, తీరా "పిల్ల ఎలా ఉందమ్మా?" అన్నాను. "బాగుంది మామయ్యగారూ. ఇల్లు చేరారా, బ్యాంకు పని అయిందా?" అంది. ఆ గొంతులో వెక్కిరింత ఉందేమోనని వెతికాను. లేదు. అందుకే నిజం చెప్పాల్సి వచ్చింది. బ్యాంకు లేదనీ, తేనె మాటలో తనదే రైటనీ, న్యూట్రల్ సంగతీ, జీపు కుర్రాడి సంగతీ, సెకండ్ గేరన్న అబద్ధం కూడా చెప్పాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. "ఈసారి రైల్లో రండి మామయ్యగారూ" అంది.

తేనె సీసా కోపంతో వెనక్కి తెచ్చుకున్నాను కదా, అది వంటింటి గట్టు మీద ఉంది. పెన్ను తీసి దాని లేబులు మీద పిల్ల మొదటి పుట్టినరోజు తేదీ రాశాను, అంతకు ముందు ఎవరూ తియ్యకుండా. మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచే చూసింది.

"పక్కనే బ్రేక్ ఆయిల్ మార్చాల్సిన తేదీ కూడా రాసుకోండి" అంది.

రాశాను.